తుపాకి ఎవరి చేతిలో ఉండాలి?



పునీత అగుస్తీనువారు 'దేవుని నగరం' గ్రంథంలో ఒక సముద్రపు దొంగ కథ చెబుతారు. పట్టుబడిన ఆ దొంగను అలెగ్జాండరు చక్రవర్తి నిలదీశాడు. తాను చిన్న ఓడతో చేసే పనినే చక్రవర్తి పెద్ద నౌకాదళంతో చేస్తున్నాడని వాడు ఎదురు చెప్పాడట. రాజ్యాన్ని దొంగల ముఠా నుంచి వేరుచేసేది న్యాయమేనని అగుస్తీనువారి భావం.

ఆ కథ నేటికీ పాతబడలేదు. సైన్యాన్ని నడిపే, పన్ను వేసే, నేరస్థుని శిక్షించే అధికారం దేశంలో ప్రభుత్వానికే ఉంటుంది. దీన్నే సార్వభౌమాధికారం అంటాం. మరి అంతర్యుద్ధంలో వేరొక బృందం తుపాకులు పట్టి కొన్ని ప్రాంతాలను గుప్పిట పెట్టుకుంటే ఏం చేయాలి? ప్రభుత్వం వారితో మాట్లాడవచ్చునా? మాట్లాడితే తన అధికారాన్ని తానే పంచి ఇచ్చినట్లు కాదా? ఆఫ్రికాలోని మొజాంబిక్ అనుభవంతో ఈ వారం దీన్ని ఆలోచిద్దాం.

1975 జూన్ 25న పోర్చుగీసు పాలన నుంచి విముక్తమైన ఆ దేశంలో ఫ్రెలిమో పార్టీ అధికారానికి వచ్చింది. శ్రీసభ నడిపే బడులను, ఆసుపత్రులను జాతీయం చేసింది. సంప్రదాయ గ్రామపెద్దలను పక్కన పెట్టింది. రైతులను సామూహిక గ్రామాలకు తరలించింది. ఆ అసంతృప్తి మీద రెనామో అనే సాయుధ బృందం పెరిగింది. అయితే దాన్ని మొదట నిలబెట్టింది పొరుగున ఉన్న రొడీషియా తెల్లజాతి ప్రభుత్వం. 1980 తర్వాత పోషించింది దక్షిణాఫ్రికా సైన్యం. రెనామో ఊళ్లను తగలబెట్టింది, పిల్లలను ఎత్తుకుపోయి సైనికులను చేసింది. ప్రభుత్వ సైన్యం చేతులూ శుభ్రంగా లేవు. 1977 నుంచి 1992 వరకు యుద్ధంవల్లా, దాని వెంట వచ్చిన కరువువల్లా సుమారు 10 లక్షలమంది చనిపోయారని అంచనా.

ప్రభుత్వం వారిని 'సాయుధ బందిపోట్లు' అని పిలిచేది. బందిపోటుతో చర్చలేమిటన్నది దాని వాదన. 1984లో దక్షిణాఫ్రికాతో ఎన్కోమాటి ఒప్పందం చేసుకుంది. అయినా యుద్ధం ఆగలేదు. ఒకే దేశపు బిడ్డలు ముఖాముఖి మాట్లాడుకోవాలని అక్కడి పీఠాధిపతులు తమ లేఖల్లో పదే పదే కోరారు. బెయిరా అగ్రపీఠాధిపతి జైమె గొన్సాల్వెస్‌గారు 1988లో రెనామో స్థావరానికే వెళ్లి, నాయకుడు అఫాన్సో ధ్లకామాను కలిశారు.

1990 జూలై 8న రోములోని సాంత్ ఎజీదియో సంఘంవారి మఠంలో ఇరుపక్షాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. గొన్సాల్వెస్‌గారు, సంఘ స్థాపకులు ఆంద్రేయా రిక్కార్ది, తరువాత కార్డినల్ అయిన మత్తేయో జుప్పి స్వామి, ఇటలీ ప్రభుత్వం తరఫున మారియో రఫాయెల్లి మధ్యవర్తిత్వం నెరపారు. చర్చలకు 27 నెలలు పట్టింది.

ముడి పడింది సార్వభౌమాధికారం దగ్గరే. ఎన్నికలు లేకుండా ఏలే ఈ ప్రభుత్వానికి చట్టబద్ధత ఏదని రెనామో ప్రశ్న. రాజ్యాన్ని అంగీకరించనివారితో ఒప్పందమేమిటని ప్రభుత్వం ప్రశ్న. 1991 అక్టోబరు 18న సంతకమైన మొదటి పత్రం ఆ ముడి విప్పింది. ఉన్న చట్టాలకు లోబడి, ఆయుధబలం లేకుండా రాజకీయ పోరాటం చేస్తామని రెనామో ఒప్పుకుంది. కుదిరిన ఒప్పందాలకు విరుద్ధంగా చట్టాలు చేయబోమని ప్రభుత్వం మాటిచ్చింది. రాజ్యం ఒక్కటిగానే మిగిలింది. ఎదుటివారికి అందులో చోటు దొరికింది.

అంతర్జాతీయ చట్టం కూడా ఈ భయాన్ని ఎరుగును. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలలోనూ ఉన్న మూడవ అధికరణం, అంతర్యుద్ధంలో గాయపడినవారిని, ఆయుధం వదిలినవారిని మానవత్వంతో చూడమని ఇరుపక్షాలనూ ఆదేశిస్తుంది. ఈ నియమాలను పాటించినంత మాత్రాన ఏ పక్షపు చట్టపరమైన హోదా మారదని అదే అధికరణం స్పష్టం చేస్తుంది. శత్రువును మనిషిగా చూస్తే రాజ్యం చిన్నదైపోదు.

1992 అక్టోబరు 4న, అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్‌వారి పండుగనాడు, అధ్యక్షుడు జోవాకిం షిసానో, ధ్లకామా శాంతి ఒప్పందంపై సంతకాలు చేశారు. ఐక్యరాజ్యసమితి దళాలు, వారిలో మన భారత సైనికులు కూడా, దాని అమలుకు తోడ్పడ్డారు. 70 వేలకు పైగా సైనికులు ఆయుధాలు వదిలి, రెండేళ్ల భృతితో ఇళ్లకు చేరారు. 1994 అక్టోబరు ఎన్నికలలో ఫ్రెలిమో గెలిచింది. 250 స్థానాలలో రెనామోకు 112 వచ్చాయి.

కథ అక్కడే ముగిసిందని చెబితే అబద్ధమవుతుంది. ఆయుధాలన్నీ అప్పగించలేదు; ధ్లకామా సాయుధ రక్షకులను అట్టే పెట్టుకున్నారు. 2013లో మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. 2019 ఆగస్టులో మరో ఒప్పందం కుదిరాకగాని, 2023 జూన్‌లో రెనామో చివరి స్థావరం మూతపడలేదు. అంటే తొలి సంతకం తర్వాత 30 ఏళ్లకు పైగా పట్టింది.

ఇందులో రెండు సత్యాలు గ్రహించండి. మొదటిది, అధికారం ఉన్నది ప్రజల మేలుకోసమే. 23వ జాన్ పోపుగారు 1963లో 'భూలోకమున శాంతి' లేఖలో బోధించినది ఇదే. అందుచేత ప్రజల ప్రాణం నిలపడానికి శత్రువుతో మాట్లాడే ప్రభుత్వం తన ధర్మాన్ని నెరవేరుస్తున్నదే తప్ప వదులుకోవడం లేదు. రెండవది, మాటల చివర తుపాకి ఒక్క చట్టం కిందికే రావాలి. ఇద్దరి చేతుల్లో మిగిలితే శాంతి అరువు శాంతే. అన్యాయాన్ని ఎదిరించే పేరుతో ఆయుధం పట్టేవారికీ శ్రీసభ సత్యోపదేశం (2243వ పేరా) కఠినమైన హద్దులు గీసింది: మిగతా దారులన్నీ మూసుకుపోవాలి, తెచ్చే కీడు తొలగించే కీడును మించకూడదు.

ఈ ఆదివారం పూజ తర్వాత ఇంట్లో పిల్లలతో ఈ ప్రశ్నలు చర్చించండి. మనకు గిట్టనివారికి మనం ఏ పేరు పెట్టి పిలుస్తున్నాం? ఆ పేరు వారితో మాటలకు తలుపు మూస్తున్నదా? ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు మన విచారణలో ఉంటే, వారి గడప ముందుగా తొక్కవలసింది ఎవరు?