ఇంటి మేళం నడిపేవాళ్లకు ఏడు మాటలు

నర్సంపేట చుట్టుపక్కల లగ్గాలకు, బోనాలకు, గణపతి నిమజ్జనాలకు మా అన్నదమ్ముల బ్యాండు చాలా కాలం వాయించింది. ఇప్పుడు మా పిల్లలు యూట్యూబ్ కోసం పాటలు కడుతున్నారు. హైదరాబాద్‌లో స్టూడియో పని నేర్చుకుంటున్న మనవడు ‘పెట్ సౌండ్స్’ అనే ఆల్బమ్ వినిపించి దాని కథంతా చెప్పాడు. అది 1966లో అమెరికా బృందం బీచ్ బాయ్స్ చేసింది. ముగ్గురు అన్నదమ్ములు బ్రయన్, డెన్నిస్, కార్ల్ విల్సన్. మేనత్త కొడుకు మైక్ లవ్. దోస్తు అల్ జార్డిన్. సముద్రపు అలల మీద పలకెక్కి ఆడే కుర్రాళ్ల పాటలతో పేరు తెచ్చుకున్నారు గానీ, వాళ్లలో నిజంగా అలలెక్కింది డెన్నిస్ ఒక్కడే. మాకు తెలిసిన నీళ్లు పాకాల చెరువువి. అయినా వాళ్ల కథలో మా ఇంటి పంచాయితీలన్నీ కనిపించాయి. అందుకే ఈ మాటలు.

1. పొందిక ఇంట్లో పుడుతుంది, సాధనతోనే నిలుస్తుంది.
ఒకే కప్పు కింద పెరిగినవాళ్ల పలుకు, ఊపిరి ఒక తీరుగా ఉంటాయి. విల్సన్లు చిన్నప్పుడు ఒకే గదిలో పడుకుని గొంతులు కలిపినవాళ్లు. అది చాలని బ్రయన్ ఊరుకోలేదు. ఒక్కో వరసనూ పదే పదే పాడించాడు. రక్తంలో ఉందని రిహార్సల్ మానకండి.

2. అందరూ బరాత్‌కే పోతే కొత్త పాట పుట్టదు.
1964 చివర్లో విమానంలో భయం పట్టుకుని కుప్పకూలాక బ్రయన్ ఊళ్లు తిరగడం మానేశాడు. 1966 జనవరిలో మిగతావాళ్లు జపాన్‌లో కచేరీలు చేస్తుంటే అతను లాస్ ఏంజెలెస్‌లో కూర్చుని బాణీలకు వాయిద్యాలు కూర్చాడు. ఇంట్లో ఎవరికైనా కొత్త వరస తోస్తే వాణ్ని కూర్చోనివ్వండి. వాడు ఖాళీగా ఉన్నాడని తిరిగేవాళ్లు అనకూడదు. తిరిగేవాళ్ల చెమట వల్లే ఇంట్లో పొయ్యి వెలుగుతోందని కూర్చున్నవాడూ మరవకూడదు. మా ఇంట్లో బాణీలు కట్టే తమ్ముడికి సీజన్‌లోనూ సమాన వాటానే ఇచ్చాం.

3. చుట్టరికం వేరు, పనితనం వేరు.
‘పెట్ సౌండ్స్’లో గొంతులు ఇంటివి, వాయిద్యాలు చాలావరకు బయటివాళ్లవి. డ్రమ్స్‌కు హాల్ బ్లెయిన్, బాస్ గిటార్‌కు కారల్ కే వంటి చేయి తిరిగిన స్టూడియో కళాకారులు వచ్చారు. ఎక్కువ పాటలకు మాటలు రాయడంలో చేయి కలిపింది ప్రకటనలు రాసుకునే టోనీ ఆషర్. మన దగ్గరా అంతే. ‘ఆర్ఆర్ఆర్’ సినిమాకు సంగీతం కీరవాణిది, కథ ఆయన బాబాయి విజయేంద్రప్రసాద్‌ది, దర్శకత్వం ఆ బాబాయి కొడుకు రాజమౌళిది. ‘నాటు నాటు’ పాడినవాళ్లలో ఒకరు కీరవాణి కొడుకు కాలభైరవ. అయినా జోడు గొంతు రాహుల్ సిప్లిగంజ్‌ది, మాటలు మన పాత వరంగల్ జిల్లా చల్లగరిగెలో పుట్టిన చంద్రబోస్‌వి. 2023లో ఆస్కార్ వచ్చింది ఇంటివాళ్ల బలం, బయటివాళ్ల బలం కలిసిన ఆ పాటకే.

4. పాట ఎవరి గొంతుకు ఒదిగితే వాళ్లదే.
‘గాడ్ ఓన్లీ నోస్’ తానే పాడాలనుకున్న బ్రయన్ చివరికి దాన్ని తమ్ముడు కార్ల్‌కు ఇచ్చాడు. కార్ల్‌కు అప్పటికి 19 ఏళ్లు. లగ్గపు పందిట్లో పెద్దవాడు ముందు నిలబడతాడు, బాగుంటుంది. మైకు దగ్గర ఆ వరస పనికిరాదు.

5. చెవిన పడ్డ ప్రతిదీ సరుకే.
ఆ ఆల్బమ్‌లో సైకిల్ బెల్లు మోగుతుంది. తాగి పడేసిన కోకాకోలా డబ్బాలు దరువేస్తాయి. చివర్లో రైలు పోతుంది, బ్రయన్ పెంచుకున్న కుక్కలు మొరుగుతాయి. ఇంత పనీ చేసినవాడికి చిన్నప్పటి నుంచీ కుడి చెవి దాదాపు వినపడేది కాదు. ప్యాడ్లు, కీబోర్డు వచ్చాయని డప్పును, సన్నాయిని అటక ఎక్కించే మా పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

6. మొదటి వారం అమ్మకాలు చూసి పాటకు వెల కట్టకండి.
ఇంగ్లండు బృందం బీటిల్స్ చేసిన ‘రబ్బర్ సోల్’ విని బ్రయన్ పట్టుదలకు పోయాడు. తీరా ఆల్బమ్ వస్తే అమెరికా పట్టికలో 10వ స్థానం దగ్గరే ఆగింది. రెండు నెలలు తిరగకముందే వాళ్ల రికార్డు కంపెనీ కాపిటల్ పాత హిట్లు ఏరి మరో రికార్డు వదిలింది. ఇంగ్లండులో మాత్రం ‘పెట్ సౌండ్స్’ 2వ స్థానానికి ఎక్కింది. మరుసటి ఏడు తాము చేసిన ‘సార్జెంట్ పెప్పర్స్’కు ఇదే ఊపిరి పోసిందని బీటిల్స్ వాళ్లే చెప్పుకున్నారు. చంద్రబోస్ కూడా ‘నాటు నాటు’లో చాలా భాగం సగం రోజులో రాసేసి, మిగిలిన కొంచెం కోసం 19 నెలలు ఆగాడట. పాటకు టైమిచ్చినవాళ్లు నష్టపోయింది తక్కువ.

7. పేరూ పైసా ముందే కాగితం మీద పెట్టండి.
ఇంటి మేళాలు శ్రుతి తప్పి చెడిపోవు, లెక్క తప్పి చెడిపోతాయి. బ్రయన్ పాటల హక్కులు తండ్రి మర్రీ విల్సన్ చేతిలో ఉండేవి. 1969లో వాటిని ఆయన 7 లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ పాటలు తర్వాత సంపాదించిన దాని ముందు అది చిల్లర. ఇక మాటల్లో తన చెయ్యీ ఉందని మైక్ లవ్ బావమరిది బ్రయన్ మీదే కోర్టుకెక్కాడు. 1994లో 35 పాటల మీద అతని పేరు చేరింది. ‘పెట్ సౌండ్స్’ మొదటి పాట కూడా అందులో ఉంది. అంతకు దాదాపు 30 ఏళ్ల ముందే ఒక పూటలో తేలాల్సిన లెక్క అది.

మనవాళ్లు బయానా తీసుకునేటప్పుడు పెళ్లివాళ్లతో ప్రతి రూపాయీ మాట్లాడుకుంటారు. సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. ‘మన మధ్య లెక్కలేంది’ అన్న మాట ఆ రోజుకు తియ్యగానే ఉంటుంది. పాటకు డబ్బులు రావడం మొదలయ్యాక ఆ మాటే చేదవుతుంది. బాణీ ఎవరు కట్టారు, మాట ఎవరు రాశారు, ఎవరి వాటా ఎంత అన్నది పాట బయటికి పోకముందే రాసుకోండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి చదివి వినిపించండి. అందరి సంతకాలూ అయ్యాకే రికార్డింగ్‌కు బయలుదేరండి.