రొమ్ము క్యాన్సర్ చికిత్స, క్లినికల్ ట్రయల్: సంతకానికి ముందు తరచూ అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు భారతదేశంలో వైద్యం పొందుతున్న, పద్దెనిమిదేళ్లు నిండిన, సొంతంగా నిర్ణయం తీసుకోగల రోగికి వర్తిస్తాయి. వీటిలో "చికిత్స సమ్మతి" అంటే తన వ్యాధికి వైద్యం చేయడానికి రోగి ఇచ్చే అనుమతి. "ట్రయల్ సమ్మతి" అంటే పరిశోధనలో పాల్గొనడానికి రోగి ఇచ్చే అనుమతి. "2019 నియమాలు" అంటే కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు, 2019. "స్పాన్సర్" అంటే ట్రయల్‌ను చేపట్టి, దాని నిర్వహణకు, ఖర్చుకు బాధ్యత వహించే వ్యక్తి లేదా సంస్థ. చికిత్స సమ్మతి ఇచ్చినంత మాత్రాన ట్రయల్ సమ్మతి ఇచ్చినట్టు కాదు. కింద చెప్పినవన్నీ ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

1. బయాప్సీకి మాత్రమే సంతకం చేశాను. మత్తులో ఉండగా క్యాన్సరని తేలితే, అప్పుడే రొమ్ము తొలగించవచ్చా?

ఆ సంతకంతో తొలగించరాదు. రోగనిర్ధారణకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. ఆ కేసు గర్భాశయం తొలగింపుకు సంబంధించినది. సూత్రం మాత్రం ఏ శస్త్రచికిత్సకైనా ఒక్కటే. మినహాయింపు ఒకటుంది: రోగి ప్రాణాన్ని లేదా ఆరోగ్యాన్ని కాపాడటానికి ఆ పని అప్పటికప్పుడు చేయక తప్పనప్పుడు, స్పృహ వచ్చేదాకా ఆగడం సమంజసం కానప్పుడు. రెండోసారి మత్తు ఇవ్వాల్సిన శ్రమ, ఖర్చు తప్పుతాయన్నది మినహాయింపు కిందికి రాదు.

అయితే పరీక్షకూ ఆపరేషన్‌కూ కలిపి ముందే ఒకే చికిత్స సమ్మతి తీసుకోవడం చట్టబద్ధమే. ఫ్రోజెన్ సెక్షన్ పరీక్ష (మత్తులో ఉండగానే కణజాలాన్ని పరీక్షించడం) చేసేచోట సాధారణంగా ఇలాగే తీసుకుంటారు. కాబట్టి ఫారంలో "అవసరమైతే రొమ్ము తొలగింపు" అన్న మాట ఉందేమో చదవండి. మీకు ఇష్టం లేకపోతే డాక్టరుకు చెప్పి, ఆ మాట కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం చేసి, ఆ తరువాతే ఫారంపై సంతకం చేయండి.

2. నా బదులు భర్త సంతకం చేస్తే సరిపోదా?

సరిపోదు. పై కేసులో ఆపరేషన్ థియేటర్ బయట తల్లి ఇచ్చిన అనుమతిని కోర్టు అంగీకరించలేదు. నిర్ణయం తీసుకోగల స్త్రీకి తాత్కాలికంగా స్పృహ లేకపోతే, ఆమె హక్కు బంధువులకు బదిలీ కాదు.

3. రొమ్ము పూర్తిగా తీయాలంటున్నారు. వేరే మార్గం ఉందా అని అడగవచ్చా?

అడగవచ్చు. మీరు అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యత డాక్టరుదే. చికిత్స స్వరూపం, ఉద్దేశం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు, వద్దంటే జరిగే నష్టం వివరించాకే చికిత్స సమ్మతి చెల్లుతుందని అదే తీర్పు చెబుతోంది.

రొమ్ము క్యాన్సర్‌లో ప్రత్యామ్నాయం నిజంగానే ఉంటుంది. కణితి మేరకే తీసి రేడియేషన్ ఇచ్చినవారికీ, రొమ్ము మొత్తం తీసినవారికీ ప్రాణరక్షణలో చెప్పుకోదగ్గ తేడా లేదని అమెరికాలో జరిగిన ఒక పెద్ద ట్రయల్ ఇరవయ్యేళ్ల ఫలితాలు 2002లో తేల్చాయి. ఇది అందరికీ వర్తించదు. కణితులు రొమ్ములో వేర్వేరు భాగాల్లో ఉన్నా, ఆ భాగానికి ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉన్నా, గర్భం వల్ల రేడియేషన్ ఇవ్వలేకపోయినా డాక్టరు తొలగింపే సూచించవచ్చు. కణితి పెద్దదైతే ముందు కీమోతో తగ్గించే వీలుందేమో, కణితిలో హార్మోన్ గ్రాహకాలను (ఈఆర్, పీఆర్), హెర్2 ప్రోటీన్‌ను చూసే రిపోర్టులు వచ్చాయో లేదో అడగండి. మీ విషయంలో ఏ కారణం వర్తిస్తోందో కేస్ షీటులో రాయమనండి.

4. రెండో అభిప్రాయం కోసం రిపోర్టులు ఎన్నాళ్లలో ఇవ్వాలి?

రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లోపు రికార్డుల నకళ్లు ఇవ్వాలి. భారత వైద్య మండలి 2002 వృత్తి ప్రవర్తన నిబంధనలు ఈ గడువు విధించాయి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. ఆ తరువాత అవి దొరక్కపోవచ్చు గనుక ఆలస్యం చేయవద్దు. దరఖాస్తు రెండో ప్రతిపై ఆస్పత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. బయాప్సీ స్లైడ్లు, బ్లాకుల (మైనంలో భద్రపరచిన కణజాలం) సంగతి ఆ నిబంధనలో విడిగా లేదు. వాటికి వేరే దరఖాస్తు పెట్టి, రసీదుతో తీసుకోండి. హెర్2 పరీక్ష మళ్లీ చేయాలంటే బ్లాకు కావాలి.

5. క్లినికల్ ట్రయల్‌లో చేరమంటున్నారు. అది సక్రమమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మూడు అడగండి: ఎథిక్స్ కమిటీ ఆమోదం, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నమోదు సంఖ్య, కేంద్ర లైసెన్సింగ్ అధికారి (భారత ఔషధ నియంత్రణాధికారి) అనుమతి. మొదటి రోగిని చేర్చుకోకముందే రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మూడోదానికి మినహాయింపు ఉంది: ఆమోదిత మందుపై వాణిజ్య ఉద్దేశం లేకుండా జరిగే అకడమిక్ ట్రయల్‌కు, నిర్ణీత షరతులకు లోబడి, ఎథిక్స్ కమిటీ ఆమోదం చాలవచ్చు. అలాంటిచోట హాని జరిగితే ఖర్చు, పరిహారం ఎవరు భరిస్తారో కాగితంపై చూపమనండి.

2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకువెళ్లి క్యాన్సర్ మందు పరీక్షల్లో వాడుకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. ఆ భయం మనవాళ్లలో ఇంకా ఉండటం సహజం. కానీ ట్రయల్ అన్న మాట వినగానే వెనక్కి తగ్గడం కూడా నష్టమే. ఆపరేషన్‌కు ముందు కణితి చుట్టూ మామూలు స్థానిక మత్తుమందు ఇస్తే ఏమవుతుందో టాటా మెమోరియల్ నాయకత్వంలోని భారతీయ ట్రయల్ పరిశీలించింది. 2023లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఐదేళ్ల తరువాత జీవించి ఉన్నవారు ఇంజెక్షన్ పొందినవారిలో 90.1 శాతం, పొందనివారిలో 86.4 శాతం. పాల్గొన్న స్త్రీల వల్లే ఇది తెలిసింది.

6. ట్రయల్ సమ్మతి ఎలా తీసుకోవాలి?

మీకు అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా. సమాచార పత్రం, సంతకం చేసిన ట్రయల్ సమ్మతి ఫారం ప్రతి రెండూ మీ చేతికి ఇవ్వాలి. చదవలేని వారికి ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. పూర్తిగా కొత్త రసాయన మందు ట్రయల్‌లో, నిస్సహాయ స్థితిలో ఉన్నవారిగా నియమాలు గుర్తించిన పాల్గొనేవారి విషయంలో, ఈ ప్రక్రియను ఆడియో, వీడియో రికార్డు చేయాలి. ప్రతులు ఇవ్వకపోతే చేరవద్దు.

7. మధ్యలో మానేస్తే మామూలు చికిత్స ఆపేస్తారా?

ఆపరాదు. కారణం చెప్పకుండా, ఎప్పుడైనా వైదొలగవచ్చు. కానీ మందు ఒక్కసారిగా మానడం ప్రమాదం కావచ్చు గనుక, ముందుగా పరిశోధక వైద్యుడికి తెలపండి.

8. ట్రయల్ వల్ల హాని జరిగితే?

వెంటనే పరిశోధక వైద్యుడికి చెప్పండి, రాసి కూడా ఇవ్వండి. 2019 నియమాల ప్రకారం ఉచిత వైద్యం అవసరమున్నంత కాలం, లేదా హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేదాకా, ఏది ముందైతే అంతవరకు ఇవ్వాలి. మరణం, ఆస్పత్రిలో చేరిక, శాశ్వత వైకల్యం వంటి తీవ్ర ఘటనను పరిశోధక వైద్యుడు 24 గంటల్లో కేంద్ర లైసెన్సింగ్ అధికారికి, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. స్పాన్సర్, పరిశోధక వైద్యుడు 14 రోజుల్లో విశ్లేషణ నివేదిక పంపాలి. ఎథిక్స్ కమిటీకి 30 రోజుల గడువు ఉంది. హానికి ట్రయలే కారణమా, పరిహారం ఎంత అన్నది కేంద్ర లైసెన్సింగ్ అధికారి 90 రోజుల్లో నిర్ణయించాలి. ఆదేశం అందిన 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి.

మందు దుష్ప్రభావమొక్కటే హాని కాదు. ట్రయల్ ప్రణాళికను ఉల్లంఘించడం, నిర్లక్ష్యం, అందుబాటులో ఉన్న ప్రామాణిక చికిత్సను ప్రణాళికలో భాగంగా ఇవ్వకపోవడంతో మందు పనిచేయక కలిగిన నష్టం కూడా ఇందులోకి వస్తాయి. వ్యాధి సహజంగా ముదరడం రాదు. వివాదాలు ఎక్కువగా ఇక్కడే తలెత్తుతాయి. అందుకే ట్రయల్‌కు ముందటి స్కానులు, రిపోర్టులు మీ దగ్గర ఉండాలి. ఎథిక్స్ కమిటీని సంప్రదించే వివరాలు సమాచార పత్రంలో ఉంటాయి.

9. ట్రయల్ మందు నాకు పనిచేసింది. ముగిశాక ఉచితంగా ఇస్తారా?

ప్రతిసారీ కాదు. ఆ వ్యాధికి ప్రత్యామ్నాయ చికిత్స లేకపోవాలి, మందు మీకు మేలు చేసినట్టు తేలాలి, పరిశోధక వైద్యుడు సిఫారసు చేయాలి, ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి. అప్పుడు స్పాన్సర్ ఉచితంగా ఇవ్వాలి. అయితే ఆ తరువాతి వాడకానికి స్పాన్సర్ బాధ్యత ఉండదని మీ చేత రాయించుకుంటారు.

10. బీమా కంపెనీ తిరస్కరించినా, వైద్యంలో నిర్లక్ష్యం జరిగినా గడువులేమిటి?

ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తిరస్కరించినా, నెలలోపు జవాబు రాకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అదే వివాదం కోర్టులో లేదా వినియోగదారుల కమిషన్‌లో ఉంటే స్వీకరించరు. నిరూపణ కాని చికిత్సలను పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. అందువల్ల ట్రయల్ ఖర్చుకు బీమాపై ఆధారపడవద్దు.

నిర్లక్ష్యంపై వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు, మన్నించి తీరాలని లేదు. మీరు రుసుము కట్టకపోయినా, ఆ ఆస్పత్రి ఇతరుల నుంచి రుసుము తీసుకుంటుంటే ఫిర్యాదు చెల్లుతుంది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రిపై ఈ మార్గం లేదు. అక్కడ సివిల్ దావా గురించి న్యాయవాదితో మాట్లాడాలి.