పనోరమా: చుట్టూ చూడమన్న మాట



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చింది. కవిత రాయడం నాకు చేతకాదు. అందుకని ఒక మాట గురించి చిన్న పాఠం రాస్తున్నాను. ఆ మాట 'పనోరమా'. దానితో నాకు పాత బాకీ ఒకటి ఉంది.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఇంగ్లీషు పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. కొండ మీది నుంచి కనిపించే పనోరమా గురించి పది వాక్యాలు రాయమన్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. చివర 'రమ' అని ఉంది కదా, ఎవరో అమ్మాయి పేరై ఉంటుందనుకున్నాను. 'పనోరమ కట్టెల మోపు ఎత్తుకొని కొండ దిగుతోంది' అని నాకు వచ్చిన ఇంగ్లీషులో పది వాక్యాలూ నింపాను. మర్నాడు మాస్టారు నా జవాబును తరగతిలో పైకి చదివారు. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం హాస్టల్‌కు వచ్చి, పక్క గదిలో ఉండే సీనియర్ అన్న దగ్గర నిఘంటువు అడిగి తీసుకుని చూశాను. 'విశాల దృశ్యం' అని రెండే ముక్కలు ఉన్నాయి. అర్థం తెలిసింది గానీ సిగ్గు మాత్రం పోలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆ మాట పుట్టుక గురించి చదివాను. అప్పుడు తెలిసింది, నేను విరిచినచోటే లోకం కూడా ఆ మాటను విరిచిందని! ఆ కథే ఈ పాఠం.

మాటను విడదీద్దాం

పనోరమా గ్రీకు ముక్కలతో చేసిన మాట. 'పాన్' అంటే సమస్తం, అంతా. 'హొరామా' అంటే కంటికి కనిపించేది, దృశ్యం. చూడటం అనే అర్థమున్న 'హొరాన్' అన్న క్రియ నుంచి అది వచ్చింది. రెండూ కలిసేటప్పుడు మన సంధుల్లో అక్షరం లోపించినట్టే 'హ' జారిపోయింది. పాన్ + హొరామా = పనోరమా. అంటే సమస్త దృశ్యం.

ఈ 'పాన్' మీకు కొత్తేమీ కాదు. దేశమంతటా విడుదలయ్యే సినిమాను 'పాన్ ఇండియా' సినిమా అంటున్నాం కదా, అందులో ఉన్నది ఇదే పాన్. 2020లో కరోనాను 'పాండెమిక్' అన్నారు. 'డెమోస్' అంటే ప్రజలు, కాబట్టి అది ప్రజలందరినీ చుట్టేసిన వ్యాధి. అయితే 'పాన్ కార్డు'లో ఉన్నది ఈ పాన్ కాదు. అది మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపిన పొట్టి పేరు. కిళ్లీ కొట్టులో దొరికే పాన్ మన దేశపు మాట, 'పర్ణం' నుంచి వచ్చింది. ఒకేలా వినిపించే మాటలన్నీ చుట్టాలు కావని గుర్తుపెట్టుకోండి.

మాట పుట్టిన కొండ

ముక్కలు గ్రీకువే గానీ ప్రాచీన గ్రీకులు ఈ మాటను ఎరుగరు. దీన్ని పుట్టించినవాడు రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు. ఆయన 1739లో ఐర్లండులో పుట్టి, స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో బొమ్మలు గీసి బతికేవాడు. ఆ ఊళ్లో కాల్టన్ హిల్ అనే కొండ ఉంది. దాని మీద నిలబడితే ఒకవైపు నగరం, ఇంకోవైపు సముద్రపు పాయ కనిపిస్తాయి. ఎటు తిరిగితే అటు ఒక దృశ్యం ఉంటుంది. బొమ్మకేమో నాలుగు అంచులుంటాయి, కొండ మీద నిలబడినవాడి చూపుకు అంచు లేదు. మరి అంచు లేని బొమ్మ గీయడం ఎలా? ఇదీ బార్కర్‌కు వచ్చిన ప్రశ్న.

ఆయన ఉపాయం ఇది. ఒకేచోట నిలబడి, చుట్టూ ఉన్నదాన్ని వరుసగా ముక్కలుగా గీయాలి. ఆ ముక్కలను కలిపి గుండ్రటి గోడకు లోపలివైపు చుట్టాలి. చెప్పినంత తేలిక కాదు. బల్లపరుపు కాగితం మీద తిన్నగా ఉన్న గీత, వంపు గోడకు చేరగానే వంగినట్టు కనిపిస్తుంది. ఆ వంపును ముందే లెక్కగట్టి గీయాల్సి వచ్చింది. ఈ పద్ధతికి ఆయన 1787లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి పనోరమా అన్న పేరు లేదు. 'ఒక్క చూపులో ప్రకృతి' అని అర్థమొచ్చే ఫ్రెంచి పేరు పెట్టాడు. 1792 నాటికి లండన్ పత్రికల ప్రకటనల్లో పనోరమా అన్న కొత్త పేరు కనిపించింది. అదే నిలబడిపోయింది.

గుండ్రటి గది

1793లో లండన్ లీసెస్టర్ స్క్వేర్‌లో ఇందుకోసమే గుండ్రటి భవనం కట్టారు. జనం టిక్కెట్టు కొనుక్కుని చీకటి దారిలోంచి నడిచి, గది మధ్యలో ఉన్న వేదిక మీదికి వచ్చేవాళ్లు. వెలుతురు పైకప్పులోంచి పడేది గానీ అది ఎక్కడినుంచి వస్తోందో కనిపించేది కాదు. బొమ్మ పై అంచును గొడుగులాంటి కప్పు దాచేది, కింది అంచు కూడా కంటబడకుండా అడ్డం ఉండేది. చీకట్లోంచి వచ్చిన మనిషికి ఒక్కసారిగా చుట్టూ నగరమో సముద్రమో కనిపించేది. ఆ భవనంలో ప్రదర్శనలు 1863 దాకా నడిచాయి.

అలాంటివి యూరపులో ఇప్పటికీ కొన్ని మిగిలాయి. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో 1881లో వేసిన మెస్డాఖ్ పనోరమా వాటిలో ఒకటి. ఎత్తు సుమారు 14 మీటర్లు, చుట్టుకొలత సుమారు 120 మీటర్లు. అందులో ఉన్నది ఒక సముద్రతీరం, జాలరుల పల్లె.

తోక మాత్రం మిగిలింది

మాట బాగా పేరుకెక్కాక జనం దాన్ని విరిచారు. విరవాల్సింది 'పాన్' తర్వాత. కానీ చివర ఉన్న 'రమా'ను పట్టుకుని దాన్నే తోకగా వాడుకున్నారు. 1822లో పారిస్‌లో డాగేర్, బూటన్ అనే ఇద్దరు 'డయోరమా' తెరిచారు. వెలుగు మారేకొద్దీ దృశ్యం మారేలా చేసిన ప్రదర్శన అది. సైన్సు ఫెయిర్‌లో మీరు అట్టపెట్టెలో అడవినీ జంతువులనూ అమర్చి చేసే నమూనాకు కూడా ఇప్పుడు అదే పేరు. బాల్జాక్ రాసిన 'పెర్ గోరియో' నవలలో పూటకూళ్లింటి భోజనాల బల్ల దగ్గర కుర్రాళ్లు సరదాకు ప్రతి మాటకూ 'రమా' తగిలిస్తారు. సూపుకు కూడా! 1952లో అమెరికాలో మూడు ప్రొజెక్టర్లతో వంపు తెర మీద వేసిన సినిమాకు 'సినిరమా' అని పేరు పెట్టారు. కెమెరాను ఒకవైపు నుంచి ఇంకోవైపు తిప్పడాన్ని సినిమావాళ్లు 'ప్యాన్' చేయడం అంటారు. అది కూడా ఈ మాట ముక్కే.

అంటే తోకను పట్టుకున్నది నేనొక్కణ్ణే కాదు, తమ్ముళ్లారా! వాళ్లు విరిస్తే కొత్త మాటలు పుట్టాయి. నేను విరిస్తే క్లాసు నవ్వింది. అంతే తేడా.

అర్థం కూడా పెరిగింది. గుండ్రటి బొమ్మ పేరు కాస్తా కొండ మీది నుంచి కనిపించే నిజమైన దృశ్యానికి వచ్చింది. తర్వాత ఏ విషయాన్నయినా సమగ్రంగా చూపడానికి వాడుతున్నారు. మన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో 1978లో మొదలైన 'ఇండియన్ పనోరమా' విభాగం పేరు ఈ అర్థంలోదే. ఇవాళ సెల్‌ఫోన్ కెమెరాలో ఉన్న పనోరమా కూడా బార్కర్ చేసిన పనే చేస్తుంది. మీరు తిరుగుతుంటే ముక్కలు తీసి అతికిస్తుంది.

మన భాషలో ఏమందాం?

'విహంగ వీక్షణం' అంటే పక్షిలా పైనుంచి చూడటం. 'సింహావలోకనం' అంటే సింహంలా నడిచొచ్చిన దారిని వెనుదిరిగి చూడటం. 'కనుచూపు మేర' దూరాన్ని చెబుతుంది. ఇవేవీ అచ్చంగా పనోరమా కావు. అది నిలబడ్డచోటే నిలబడి చుట్టూ చూడటం. 'చుట్టుచూపు' అందామంటే 'చుట్టపుచూపు' అనుకుని ఎవరైనా సంచీ సర్దుకుంటారేమో! పరిసరం, పరిధి, పరిభ్రమణం అన్న మాటల్లో ఉన్న 'పరి'కి చుట్టూ అని అర్థం. కాబట్టి 'పరిదృశ్యం' అంటే సరిపోతుందని నాకు తోస్తుంది. ఇంతకన్నా మంచిది మీకు తోస్తే వచ్చే ఏడాది సంచికకు రాయండి.

ఎక్కడ నిలబడి చూస్తున్నాం?

ఇక అసలు సంగతి. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట ఇంగ్లీషువారి వశమైంది, టిప్పు సుల్తాన్ యుద్ధంలో మరణించాడు. మరుసటి ఏడాదే లండన్‌లో రాబర్ట్ కెర్ పోర్టర్ అనే యువ చిత్రకారుడు ఆ ముట్టడిని సుమారు 120 అడుగుల పొడవైన పనోరమాగా గీసి ప్రదర్శించాడు. ఆయన ఆ యుద్ధాన్ని చూసినవాడు కాడు. అది గెలిచినవాళ్ల కోసం, గెలిచినవాళ్ల నగరంలో వేసిన బొమ్మ. కోట లోపల ఉన్నవాళ్ల కళ్లతో గీసినది కాదు. పేరేమో 'సమస్త దృశ్యం'. కానీ మధ్యలో వేదిక ఒకటుంటుంది కదా. దాని మీద నిలబడింది ఎవరన్నదాన్ని బట్టే ఆ 'సమస్తం' ఉంటుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా డ్రాయింగు పీరియడ్‌లో 'మా ఊరు' బొమ్మ గీయమన్నారు. గుడి, రచ్చబండ, పెద్దవీధి, బడి గీశాను. మాస్టారు 'వెరీగుడ్' రాశారు. ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ చూసి, "మన ఇల్లేదిరా?" అంది. మా వాడ ఊరి చివర ఉంటుంది. అక్కడిదాకా రాకముందే కాగితం అయిపోయింది. నేను కావాలని వదిలేయలేదు. ఊరి బొమ్మ ఎప్పుడు గీసినా అక్కడికే ఆగిపోవడం చూసి చూసి నా చేయి కూడా అక్కడే ఆగింది.

బార్కర్ చట్రం తీసేశాడు. అది ఆయన మనకు నేర్పిన మొదటి పాఠం. అంచు లేకపోతే అంచున పడిపోయేవాళ్లూ ఉండరు. శ్రీరంగపట్నం బొమ్మది రెండో పాఠం. చట్రం పోయినా వేదిక ఉంటుంది, అది ఎవరిదో అడగాలి. చరిత్ర పుస్తకం చదివినా, పేపరు చదివినా, ఎవరైనా 'అంతా చెప్పేశాను' అన్నా, ఆ ప్రశ్న మరచిపోకండి. మా అమ్మకు గ్రీకు రాదు, సంతకం కూడా రాదు. అయినా ఆ ప్రశ్న నన్ను మొదట అడిగింది ఆమే.

అభ్యాసం

1. ఆదివారం సాయంత్రం హాస్టల్ డాబా ఎక్కండి. నేల మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టి, దాని మీద నుంచి కదలకుండా ఎనిమిది దిక్కులకూ తిరుగుతూ ఎనిమిది కాగితాల మీద కనిపించింది గీయండి. చివర కాగితాలు గుండ్రంగా అతికించి మధ్యలో తలపెట్టి చూడండి. అతుకులు ఎందుకు కలవలేదో ఆలోచించండి.

2. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు 'మా ఊరు' మళ్లీ గీయండి. ఈసారి గుర్తు మీ ఇంటి ముందు పెట్టండి. గుడి, బడి, పెద్దవీధి అక్కణ్ణుంచి ఎటువైపు, ఎంత దూరంలో ఉన్నాయో చూపండి.

3. తెలియని మాట ఎదురైతే అడగండి. నవ్వేవాళ్లు నవ్వుతారు, కాసేపటికి మరచిపోతారు. మీరు నేర్చుకున్న మాట మాత్రం మీతోనే ఉంటుంది.

నా రెండో అభ్యాసం నేను మొన్న సంక్రాంతికి చేశాను. మా ఇంటి ముందు నిలబడి గీసిన బొమ్మను అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, "చింతచెట్టు ఇంకొంచెం ఇటుండాలి" అంది. జరిపి గీశాను.

— మీ హాస్టల్ పూర్వ విద్యార్థి