ఇంట్లోని సర్వర్‌ని బయటి నుంచి ఓపెన్ చేయాలా? పోర్ట్ ఫార్వర్డింగ్‌కి ముందు ఇది చెక్ చేయండి

పాత ల్యాప్‌టాప్‌లోనో, రాస్ప్‌బెర్రీ పైలోనో హోమ్ సర్వర్ పెట్టుకున్నారు. ఇంటి వైఫైలో ఫొటోలు, సినిమాలు చకచకా ఓపెన్ అవుతున్నాయి. మొబైల్ డేటాకి మారితే మాత్రం ఏమీ రావడం లేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా అంతే. చాలాసార్లు సమస్య సర్వర్‌లో కాదు, దారిలో ఉంటుంది. అది ఎక్కడుందో ఐదు నిమిషాల్లో తెలుసుకోవచ్చు.

రెండు ఐపీలు పోల్చి చూడండి

192.168.1.10 లాంటి అడ్రస్ అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబర్ లాంటిది. బయటివాళ్లకి అదొక్కటే చెబితే ఇల్లు దొరకదు. వాళ్లకి కావాల్సింది పబ్లిక్ ఐపీ. రూటర్ స్టేటస్ పేజీలో ఉన్న వ్యాన్ ఐపీ నోట్ చేసుకోండి. తర్వాత వీపీఎన్ ఆఫ్ చేసి, అదే వైఫైలో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని సెర్చ్ చేసి ఐపీవీ4 నంబర్ చూడండి.

1. రెండూ ఒకటే అయితే: మీ రూటర్‌కే పబ్లిక్ ఐపీ ఉంది. పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేస్తుంది.

2. వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే: ఫైబర్ మోడెమ్ కూడా రూటర్‌లా పనిచేస్తోంది. దీన్నే డబుల్ నాట్ అంటారు. మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చాలి. ముందే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకోండి. లేకపోతే ఉన్న నెట్ కూడా పోతుంది!

3. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే: ఇది సీజీనాట్. ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు దాదాపు 430 కోట్లే. అవి చాలక ప్రొవైడర్లు ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతున్నారు. 2012లో ఈ రేంజ్‌ని కేటాయించింది అందుకే. ఆ పై నాట్ మీ చేతిలో ఉండదు కాబట్టి మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా, డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టినా లాభం లేదు.

దారి దొరికిందని తలుపులన్నీ తీయొద్దు

ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ 22, రిమోట్ డెస్క్‌టాప్ 3389, నాస్ లాగిన్ పేజీ... వీటిని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకండి. సర్వర్‌ని డీఎంజెడ్‌లో అసలే పెట్టొద్దు. ఆటోమేటిక్ స్కానర్లు ఇలాంటి పోర్టుల కోసం రోజంతా వెతుకుతూనే ఉంటాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్, నెట్‌కి నేరుగా కనెక్ట్ అయి ఉన్న క్యూనాప్ నాస్‌లలోకి చొరబడి ఫైళ్లని లాక్ చేసి డబ్బులు అడిగింది. ఇంట్లోవాళ్ల ఫొటోలన్నీ అందులోనే ఉంటే పరిస్థితి ఏంటో ఊహించండి.

మరి ఏం చేయాలి?

పబ్లిక్ ఐపీ ఉంటే వైర్‌గార్డ్ వాడండి. ముందు రూటర్‌లో సర్వర్‌కి లోకల్ ఐపీ రిజర్వ్ చేయండి. తర్వాత యూడీపీ 51820 ఒక్కటే ఫార్వర్డ్ చేయండి. సరైన కీ లేనివాళ్లకి వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు.

సీజీనాట్ అయితే టెయిల్‌స్కేల్ ఈజీ. సర్వర్‌లో, ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు. రెండూ లోపలి నుంచే బయటికి కనెక్ట్ అవుతాయి కాబట్టి పోర్ట్ తెరవక్కర్లేదు. నేరుగా దారి దొరక్కపోతే రిలే ద్వారా వెళ్తుంది, అప్పుడు స్పీడ్ తగ్గుతుంది. టెయిల్‌స్కేల్ ఇచ్చే ఐపీ కూడా 100తోనే మొదలవుతుంది, కంగారు పడకండి. ఆ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పనిసరి.

చివరిగా, ఫోన్‌లో వైఫై ఆఫ్ చేసి మొబైల్ డేటాతోనే టెస్ట్ చేయండి. ఇంటి వైఫై మీద చేసిన టెస్ట్‌తో బయటి దారి సంగతి తెలియదు.