సురేకారం నీటిని ఎంత చల్లబరుస్తుంది?

అల్ మవాలేలో జూన్ నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. మేడమీది ట్యాంకులో ఎండకు కాగిన నీరు చేయి పెట్టనివ్వదు. అందుకే వేసవిలో చాలామంది గీజరు ఆపివేసి, అందులో నిలవున్న నీటినే చన్నీళ్ళుగా వాడుకుంటారు. ఈ సంగతి గుర్తుంచుకోండి; మన పాఠంలో మళ్ళీ వస్తుంది.

పొటాషియం నైట్రేటును మన పెద్దలు సురేకారం అన్నారు. దానిని నీటిలో వేసి కలిపితే నీరు చల్లబడుతుంది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రచించిన 'ఐన్-ఇ-అక్బరీ'లో ఈ ఉపాయం కనిపిస్తుంది. సురేకారాన్ని తాగే నీటిలో కలిపేవారు కాదు సుమా! సురేకారం కలిపిన నీటిలో మంచినీటి పాత్రను ఉంచి తిప్పేవారు.

చల్లదనం ఎక్కడినుంచి వచ్చింది? స్ఫటికంలోని అయాన్లను విడదీయటానికి శక్తి కావాలి. విడిపోయిన అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు కొంత శక్తి విడుదలవుతుంది. సురేకారం విషయంలో ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. ఆ లోటును నీటిలోని ఉష్ణం పూరిస్తుంది. ఒక మోల్ పదార్థం కరిగినప్పుడు గ్రహించిన లేదా విడుదలైన ఉష్ణమే ద్రావణోష్ణం.

దీనిని బడి ప్రయోగశాలలో, ఉపాధ్యాయుని సమక్షంలో కొలవవచ్చు. ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు థర్మోకోలు కప్పులు, ఒక మూత, ఉష్ణమాపకం, కలిపే కడ్డీ ఉంటే అదే మన కెలోరీమీటరు. 100 గ్రాముల నీరు తీసుకోండి. నీరు 30.0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నదనుకొందాం. మెత్తగా నూరిన సురేకారం 5.05 గ్రాములు, అంటే మోల్‌లో 20వ వంతు, వేసి కలపండి. ఉష్ణోగ్రత 26.0కు దిగినదనుకోండి. ద్రావణం విశిష్టోష్ణం నీటిదే అనుకొని లెక్క వేస్తే:

105 × 4.18 × 4.0 = 1756 జౌళ్ళు

దీనిని 20తో హెచ్చిస్తే మోల్‌కు సుమారు 35 కిలోజౌళ్ళు. పట్టికలలోని విలువ 34.9. ఉదాహరణ కాబట్టి అంకెలు ముచ్చటగా కుదిరాయి. మీ ప్రయోగంలో కుదరకపోవచ్చు.

కుదరకపోవటానికి ముఖ్యకారణం కుళాయి నీరే. 42 డిగ్రీల నీటిని అప్పుడే పట్టి, ఎ.సి. వేసిన 24 డిగ్రీల గదిలో పని మొదలుపెట్టారనుకోండి. సురేకారం వేయకపోయినా ఆ నీరు చల్లారుతూనే ఉంటుంది. థర్మోకోలు ఉష్ణాన్ని నెమ్మదిగా పోనిస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. గది లాగుకొన్న ఉష్ణాన్ని కూడా మీరు సురేకారం ఖాతాలో వ్రాస్తారు. ఒక్క డిగ్రీ అదనంగా దిగితే చాలు, జవాబు 35 నుంచి 44 కిలోజౌళ్ళకు పోతుంది!

కనుక ముందురోజే నీటిని మూతపెట్టి ప్రయోగశాలలో ఉంచండి. ఇంకా మంచి ఉపాయం ఒకటి ఉంది. అది కౌంట్ రమ్‌ఫర్డ్ పేరుతో ప్రసిద్ధం. గది 28 డిగ్రీల వద్ద ఉంటే నీటిని 30 వద్ద మొదలుపెట్టండి. నీరు 28కి దిగేవరకు కొంత ఉష్ణం గదిలోకి పోతుంది. ఆ తరువాత 26కు దిగేవరకు గది నుంచి కొంత ఉష్ణం లోపలికి వస్తుంది. పోయినదీ వచ్చినదీ చాలావరకు చెల్లు. నిలవ నీటిని 28 నుంచి 30కి తేవటానికి పొయ్యి వెలిగించనక్కరలేదు. కాసిని కుళాయి నీళ్ళు కలిపితే సరి.

ప్రశ్న: సోడియం హైడ్రాక్సైడు కరిగితే నీరు వేడెక్కుతుంది. (అది చర్మాన్ని కాలుస్తుంది, మీరు తాకవద్దు.) గది 28 డిగ్రీల వద్ద ఉండి, నీరు 4 డిగ్రీలు వేడెక్కుతుందని ముందే తెలిస్తే, నీటిని ఏ ఉష్ణోగ్రత వద్ద తీసుకొంటారు? జూన్ నెలలో ఆ నీటిని ఎలా సంపాదిస్తారు?