పాలీ కలపడం తెలిస్తే: మిల్లు ఈటీపీ నుంచి డయాలిసిస్ గది దాకా

మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లు ఉద్యోగం అనగానే బాయిలర్, డ్రయర్, కాంటా, గుమస్తా పని గుర్తొస్తాయి. ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంట్) దగ్గర నిలబడే మనిషి గుర్తురాడు. వడ్లను వేడినీళ్లలో నానబెట్టాక మిగిలే పసుపుపచ్చ నీళ్లను శుద్ధి చేయకుండా బయటికి వదిలితే, అందులోని పిండిపదార్థం కుళ్లి వాగులో, చెరువులో ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆ నీళ్లను దారికి తెచ్చే పని ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లది. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల సామర్థ్యంతో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రానికీ ఇలాంటి మనుషులే కావాలి. బాయిలర్‌లోకి పోయే నీటిలో లవణాల జాడ ఉండకూడదు మరి. ఆసుపత్రుల డయాలిసిస్ విభాగాల్లోనూ నీటిపని తెలిసినవాళ్ల అవసరం ఉంటుంది. సూర్యాపేట, కోదాడ చుట్టుపక్కల ఉంటూ ఈ మూడు వైపులా వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా ఒక పదార్థాన్ని అర్థం చేసుకోవాలి. అది నీటిని పట్టుకునే పాలిమర్.

ఒకే సూత్రం, రెండు రూపాలు

పాలిమర్ అంటే పొడవాటి గొలుసులాంటి అణువు. ఆ గొలుసు పొడవునా నీటిని ఆకర్షించే గుంపులుంటే అది నీటిని వదలదు. గొలుసులను అక్కడక్కడా ముడివేస్తే నీటిలో కరగకుండా ఉబ్బి జెల్ అవుతుంది. పసిపిల్లల డైపర్‌లోని పొడి, కాలిన గాయాల మీద వేసే హైడ్రోజెల్ పట్టీ, మెత్తని కాంటాక్ట్ లెన్స్ ఈ కోవలోవి. ఇలాంటి జెల్‌లు వైద్యానికి పనికొస్తాయని చెకోస్లోవేకియా శాస్త్రవేత్తలు ఒట్టో విక్టర్లే, ద్రహోస్లావ్ లిమ్ 1960లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మెత్తని లెన్స్‌లకు దారి వేసింది వాళ్లే.

ముడివేయకపోతే గొలుసులు నీటిలో కరిగి జిగురుగా మారతాయి. నీటిలో తేలే మురికి రేణువులను ఒకదానికొకటి అంటించి, బరువెక్కించి అడుక్కి దించుతాయి. ప్లాంట్‌లో అందరూ ‘పాలీ’ అనేది ఈ పాలీఅక్రిలమైడ్‌నే.

ముందు నేర్చుకోవాల్సిన పని

పాలీ పొడిని నీళ్లలో ఒక్కసారిగా కుమ్మరిస్తే, మరిగే ఎసట్లో పిండి పోసినట్టు ఉండలు కడుతుంది. ఉండల పైభాగం నాని, లోపలి పొడి అలాగే మిగిలిపోతుంది. డబ్బు దండగ, పంపు జామ్. అందుకే తిరుగుతున్న నీటి సుడిలో కొద్దికొద్దిగా చల్లాలి. 100 లీటర్ల నీటికి 100 గ్రాములు వేస్తే 0.1 శాతం ద్రావణం తయారవుతుంది. తర్వాత అరగంట నుంచి గంట దాకా నెమ్మదిగా తిప్పాలి. వేగంగా తిప్పితే గొలుసులు తెగి పాలీ పస తగ్గిపోతుంది.

ఇంటర్వ్యూలో అడగదగిన లెక్క ఒకటి. గంటకు 10,000 లీటర్ల నీరు వస్తోంది, 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) పాలీ వేయాలి. ద్రావణం ఎంత పంపాలి? గంటకు 20 గ్రాములు కావాలి. 0.1 శాతం ద్రావణంలో లీటరుకు ఒక గ్రాము ఉంటుంది. కాబట్టి గంటకు 20 లీటర్లు. ఈ లెక్క కాగితం అవసరం లేకుండా రావాలి.

ఎంత మోతాదు వేయాలో చెప్పేది జార్ టెస్ట్. లీటరు బీకర్లు వరుసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు వేయండి. పటిక ముందు, పాలీ తర్వాత. ఒక నిమిషం వేగంగా, పావుగంట నెమ్మదిగా తిప్పి, అరగంట తేరనివ్వండి. తేటగా తేలిన బీకర్లలో తక్కువ మోతాదు దేనిలో ఉందో అదే ఆ రోజు మోతాదు. ఎక్కువ వేస్తే ఇంకా తేటగా వస్తుందనుకోవద్దు. మోతాదు మించితే రేణువులు మళ్లీ విడిపోయి నీళ్లు మసకబారతాయి. పటిక వేసిన నీటికి సాధారణంగా అనయానిక్ రకం, స్లడ్జ్ (అడుగున చేరే బురద) పిండడానికి కేటయానిక్ రకం వాడతారు. బస్తా మీద ఏముందో చదవకుండా విప్పకండి.

పాలీ చేయలేని పని

కరిగిన వాటి జోలికి పాలీ పోదు. ఫ్లోరైడ్ బాధ ఉన్న ఈ ప్రాంతంలో ఇది ముఖ్యం. సూర్యాపేట 2016 అక్టోబరు 11 దాకా నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఫ్లోరైడ్ తొలగింపునకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పటిక, సున్నం, బ్లీచింగ్ పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 పీపీఎం దాటకూడదు. దాన్ని తగ్గించాలంటే పటిక మోతాదు, పీహెచ్ చూసుకోవాలి, లేదా ఆర్వో పెట్టాలి. ‘పాలీ పెంచితే పోతుంది’ అనే సూపర్‌వైజర్ మాట నమ్మకండి. తాగునీటి ప్లాంట్‌లో తాగునీటి గ్రేడ్ పాలీ తప్ప వేరేది వాడకూడదు. చౌకరకంలో మిగిలిపోయే అక్రిలమైడ్ విషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి పెట్టిన హద్దు లీటరుకు 0.5 మైక్రోగ్రాములే.

క్లోరిన్ దగ్గర జాగ్రత్త

ఆర్వో పొర కూడా పాలిమరే. క్లోరిన్ తగిలితే అది పాడవుతుంది. డయాలిసిస్‌లో క్లోరిన్ ప్రాణాంతకం. రోగి కోసం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో 120 లీటర్ల ద్రవం డయాలిసిస్ ఫిల్టర్ గుండా పోతుంది. ఆ ద్రవం కలిపే నీటిలో క్లోరిన్ సమ్మేళనమైన క్లోరమిన్ మిగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మొత్తం క్లోరిన్ 0.1 పీపీఎం దాటకుండా, ప్రతి షిఫ్టుకు ముందు కార్బన్ ఫిల్టర్ దాటిన నీటిని పరీక్షించి రాయాలి. మిల్లులో జార్ టెస్ట్ చేసి రాసే అలవాటున్నవాళ్లకు ఇది కొత్త కాదు. అయితే డయాలిసిస్ మెషీన్ మీద పనిచేయాలంటే డయాలిసిస్ టెక్నీషియన్ కోర్సు చదవాలి. పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీలోనే చేరండి.

భద్రత

నేల మీద పాలీ పొడి పడితే నీళ్లు కొట్టకండి. కాలు పెట్టలేనంత జారుడవుతుంది. పొడిగానే ఊడ్చి తీసి, ఆ తర్వాతే కడగండి. ద్రావణం ఒలికితే ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తండి. బస్తా విప్పేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు వేసుకోండి.

చేరేముందు

ఐటీఐలో ‘అటెండెంట్ ఆపరేటర్ – కెమికల్ ప్లాంట్’ ట్రేడ్ ఈ పనికి దగ్గర. బీఎస్సీ వాళ్లు పీహెచ్, టర్బిడిటీ, టీడీఎస్ మీటర్లు వాడటం, వాటిని క్యాలిబ్రేట్ చేయడం నేర్చుకుని వెళ్లండి. మోతాదులు, రీడింగులు సొంత నోటుబుక్కులో రోజూ రాసుకోండి. అనుభవం ఉందని చెప్పడం కంటే ఆ పుస్తకం చూపించడం మేలు.

మీరూ మూడు ప్రశ్నలు అడగండి. జార్ టెస్ట్ సామాను ఉందా? పాలీ బస్తాకు సేఫ్టీ షీట్ ఉందా? స్లడ్జ్ ట్యాంకు శుభ్రం చేయాలంటే ఎవరు దిగుతారు? మొదటి రెండూ లేకపోతే తెప్పించమనండి. మూడోదానికి ‘నువ్వే’ అని జవాబొస్తే, గ్యాస్ పరీక్ష, గాలి, తాడు, బయట కాపలా మనిషి లేకుండా దిగనని అక్కడికక్కడే చెప్పండి. ఒప్పుకోని చోట జీతం ఎంతైనా చేరకండి.