ఇంజను దిమ్మల పరీక్ష

పాత జీపు నిలిచియుండగా మిక్కిలి వణకుచు, కదలునపుడెల్ల ఠక్కుమనుచున్నచో, ఇంజనే చెడినదని మనము తొందరపడి తలపరాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీసు జీపున ఇంజను ముందుభాగమున రెండును, గేరుపెట్టె క్రింద నొకటియు రబ్బరు దిమ్మలు గలవు. వీనినే మెకానిక్కులు మౌంటింగు లందురు. ఇవి బరువును మోయుచు, ఇంజను అదురును చట్రమునకు పోనీయక తగ్గించును.

ఇవి చిన్నవియైనను ఉపేక్షింపదగినవి కావు. అమెరికాలో కొన్ని షెవర్లే వాహనములందు దిమ్మ తెగి, ఇంజను పైకి లేచి, యాక్సిలరేటరు తనంతట తెరచుకొనుచుండుటచే, 1971లో సుమారు 67 లక్షల వాహనములను తిరిగి రప్పించి సవరింపవలసివచ్చెను.

ఇంజను చల్లారిన పిమ్మట చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి చూడవలెను. రబ్బరు పగిలినదా? ఇనుమునుండి విడినదా? నూనెచే ఉబ్బినదా? జాకీపై చెక్కపలక నుంచి ఇంజనును కొంచెము ఎత్తినచో విడినచోటు నోరు తెరచును. జాకీని మాత్రమే నమ్మి జీపు క్రిందికి దూరరాదు.

మార్చునపుడు బ్యాటరీ తీగ విప్పి, ఇంజను బరువును ఆనించి, ముందరి రెంటిని ఒకదాని తరువాత నొకటి మార్చవలెను. ఇంజను క్రొత్త దిమ్మలపై సరిగా కూర్చున్న తరువాతనే నట్టులు గట్టిగా బిగించి, ఫ్యాను రేడియేటరునకు తగులకుండుట చూచుకొనవలెను.

ఒకమారు మేము క్రొత్త దిమ్మ వేసి సంతోషించితిమి. కొన్ని నెలలకే అదియు మెత్తబడెను. పైనుండి నూనె కారుచుండుటను మేము గమనింపలేదు. కావున దిమ్మను కొనుటకు ముందు, నూనె యెచ్చటనుండి కారుచున్నదో వెదకుడు.